మొదటి నీళ్లు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, దాన్ని పలికేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన ఉరుము. బోర్లు వేసే రిగ్గు పక్కన నిలబడి వయసంతా గడిపిన మనిషి. కంప్రెసర్ మోత ఒక చెవిని పూర్తిగా, రెండోదాన్ని సగం తినేసింది. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్లకూ వినపడదనుకుని అరిచి మాట్లాడేవాడు. ఆయన గుసగుసలాడితే వీధి చివరివాళ్లు కూడా విషయం తెలుసుకుని వచ్చి సలహా చెప్పేవాళ్లు. భార్య బతికున్న రోజుల్లో, ఇంటి గుట్టు ఏదైనా మాట్లాడాల్సి వస్తే ఆయన్ని లారీ తీయమని, ఇళ్లు దాటాక గానీ నోరు విప్పనిచ్చేది కాదట.

కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. రాయి తొలిచే బిట్టు అరిగితే కోపం, డీజిల్ కల్తీ అయితే కోపం. పక్కన చేతులు కట్టుకుని నిలబడి "ఇంకెంత లోతు?" అని అడిగేవాళ్లంటే మరీ కోపం. అయినా బోరు కావలసినవాళ్లందరూ ఆయన గుమ్మమే తొక్కేవాళ్లు. ఎందుకంటే ఆయన పని అలాంటిది. నీళ్లు పడ్డాక, బురద పోయి తేట వచ్చేదాకా ఆగి, మొదటి దోసిలి తానే నోట్లో పోసుకునేవాడు. పుక్కిలించి, కళ్లు మూసుకుని, నిదానంగా మింగేవాడు. ఆయన తల ఊపితే ఇంటివాళ్లు బిందెలు తెచ్చుకునేవాళ్లు. మొహం చిట్లిస్తే రిగ్గు మళ్లీ మోగేది. ఉరుము తాగాడంటే ఆ నీళ్లకు ఇక తిరుగులేదని అందరి నమ్మకం.

నేలలో దిగగానే పైపైన తగిలే నీళ్లంటే మాత్రం ఆయనకు చిన్నచూపు. మెత్తటి మట్టిలో, పుచ్చిన రాతిలో ఊరే ఆ మొదటి నీళ్లకు 'దొంగ నీళ్లు' అని పేరు పెట్టాడు. వానల్లో కనపడతాయి, ఎండల్లో పారిపోతాయి. వీధిలో పారిన ప్రతి మురికీ వాటిలోకే చేరుతుంది. అవి తగలగానే పని ముగించేసే బోరువాణ్ణి ఆయన మనిషిగా లెక్కపెట్టేవాడు కాదు. గట్టి రాయి వచ్చేదాకా ఇనప పైపు దింపి, ఆ పొర నుంచి ఒక్క చుక్క కూడా లోపలికి రాకుండా మూసేసి, అప్పుడు కింద రాతి పగుళ్లలో మంచి నీళ్లు వెతికేవాడు. ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఆ పైపు దింపేటప్పుడు ఆయన బుర్ర వేరే ఏదో ఆలోచిస్తుండేది.

ఆయనకు నా అనేవాళ్లు మిగిలింది ఒక్క అక్క. ఆమె, బావ ఉండే వీధి గని కంచెకు ఆనుకుని ఉండేది. అక్క పెరట్లో పాత చేదబావి ఒకటుంది. "నీది దొంగ నీళ్ల బావి, మంచి బోరు వేస్తాను" అని తమ్ముడు ఎన్నిసార్లు అన్నా ఆవిడ వేయనివ్వలేదు. నీ రిగ్గు మోతకు నా గోడలు బీటలు వారతాయి, భోజనానికి రా గానీ బోరుకు రావద్దని తెగేసి చెప్పేది. పైగా ఈమధ్య ఎండాకాలాల్లో మిగతా వీధుల్లో బావులు అడుగంటితే ఆవిడ బావిలో నీళ్లు చెయ్యి చాపితే అందేంత పైన ఉండేవి. ఆ వీధి బావులన్నీ అంతే. అక్క తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించేది.

"చూశావురా, నా దొంగ ఎక్కడికీ పారిపోలేదు."

కంచె అవతల యురేనియం గనులు. తవ్వి తీసిన రాయిని పిండి చేసి, కావలసింది లాగేసుకుని, మిగిలిన బూడిదరంగు మడ్డిని పెద్ద కట్ట పోసి దాని వెనక నిలవ చేసేవాళ్లు. దాన్ని జనం మడ్డి చెరువు అనేవాళ్లు. అక్క వీధి సరిగ్గా ఆ కట్టకు దిగువన ఉంది.

కొంతకాలంగా బావ కాళ్లు వాస్తున్నాయి. మూత్రపిండాలు పాడవుతున్నాయన్నాడు డాక్టరు. ఎదురింటి టైలరుదీ అదే కథ, వీధి చివర బేకరీ నడిపే ఆవిడదీ అదే కథ. అందరికీ అనుమానం నీళ్ల మీదే. మాకు పైపు నీళ్లు ఇప్పించండి, ఖర్చు గనివాళ్లు పెట్టుకోవాలి అని వీధి మొత్తం కలిసి అధికారుల దగ్గరికి వెళ్లింది. గని కంపెనీ ఒక్క మాటతో గాలి తీసేసింది. ఇళ్లలో బావుల్లోకి సబ్బు నీళ్లు దిగుతాయి, మరుగుదొడ్ల గుంతలు దిగుతాయి, ఆ మురికికి మేమా జవాబుదారీ అంది. ఇళ్ల బావుల నీళ్లు సాక్ష్యానికి పనికిరావని అధికారులూ తలలూపారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. చెరువుకూ వీధికీ మధ్య పద్ధతిగా ఒక పరిశీలన బోరు వేయాలి. తాగడానికి కాదు, నేల కింద నీళ్లెలా ఉన్నాయో చూడటానికి మాత్రమే. అందులో విషం తేలితే వీధికి పైపు నీళ్లు. తేలకపోతే ఇక ఆ ఊసే ఎత్తకూడదు.

ఖర్చు గనిదే కాబట్టి, ఆ బోరు వేయడానికి గని ఇంజనీరు ఉరుముకు కబురు పెట్టాడు.

ఆ గది చల్లగా, ఎక్కడా మరక లేకుండా ఉంది. బురద బూట్లతో లోపలికి రావాలా వద్దా అని ఉరుము గుమ్మంలో తటపటాయిస్తే ఇంజనీరు స్వయంగా లేచొచ్చి కుర్చీ లాగాడు, కాఫీ తెప్పించాడు. ఇలాంటి బోర్లు వేయడానికే వేరే కంపెనీలు ఉన్నాయని, అయినా మీ చేతి నీళ్ల గురించి విన్నాక ఇంకెవర్నీ పిలవబుద్ధి కాలేదని అన్నాడు. ఎలా వేయాలో మీకు మేం చెప్పేంతవాళ్లమా, మీ పద్ధతిలో మీరు వేయండి అన్నాడు. మనిషిని మునగచెట్టు ఎక్కించడంలో అతను ఆరితేరినవాడు. మన ఉరుమేమో ఉన్న ఆ సగం చెవితో మెప్పు మాత్రం ఒక్క అక్షరం పోకుండా వినేవాడు. పొంగిపోయి, కాఫీ ఒలకబోసుకుని, ఒప్పుకుని వచ్చాడు.

అక్క సంతోషానికి అంతులేదు. పరాయివాడెవడో వచ్చి ఏం చేస్తాడో అని బెంగపడ్డానురా, నువ్వే వేస్తున్నావంటే ఇక నాకు భయం లేదంది, బావకు కూడా ధైర్యం చెప్పింది.

కంచెకు లోపలి పక్క గుర్తు పెట్టిన చోట రిగ్గు నిలబడింది. వీధివాళ్లు ఇవతల నుంచి కంచె పట్టుకుని చూశారు. కాసేపటికే దుమ్ము ఆగి తడి మట్టి చిమ్మింది, వెంటనే నీళ్లు ఉబికాయి. ఉరుము వాటి వంక చూడను కూడా లేదు. ఎప్పటిలాగే ఇనప పైపు దింపాడు, రాతిలో గట్టిగా కూర్చోబెట్టాడు, సందులు లేకుండా సిమెంటు పోశాడు. అది గట్టిపడ్డాక లోపల నుంచి కిందికి తొలుచుకుంటూ పోయాడు. లోతున రాతి పగులు తగిలి, అద్దంలాంటి నీళ్లు పైకి తన్నుకొచ్చాయి. దోసిలి పట్టాడు, పుక్కిలించాడు, మింగాడు. కంచె అవతల ఉన్న జనానికి కనపడేలా తల ఊపాడు. ఇంజనీరు చప్పట్లు కొట్టాడు.

ఉరుము తల ఊపాక పరీక్ష ఫలితం అందరూ ఊహించిందే. నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. పైపు నీళ్ల దరఖాస్తు కొట్టేశారు. వీధివాళ్లు నాలుగు రోజులు గొణుక్కుని, ఉరుము తాగి బాగున్నాయన్నాక ఇంకేముందిలే, మన రోగాలకు కారణం ఇంకేదో అయి ఉంటుందని చేదలు బావిలో వేసుకున్నారు. అక్క ఒక్కతే బావ కాళ్లకు కాపడం పెడుతూ అడిగింది, నీళ్లు అంత బాగుంటే ఈయన కాళ్లు ఎందుకు తగ్గడం లేదురా అని. ఉరుముకు ఆ ప్రశ్న కోపం తెప్పించింది. నా బోరునే అనుమానిస్తావా అని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

కొన్నాళ్లకు భూగర్భ జలాల శాఖలోకి కొత్తగా బదిలీ అయి ఒక అమ్మాయి వచ్చింది. బోరులోకి టేపు వదిలి నీటి మట్టం చూసింది. చాలా కింద ఉంది. దారిలో దాహమై అక్క ఇంటి గుమ్మంలో ఆగినప్పుడు పెరట్లో బావి కనపడింది. అందులో నీళ్లు చేతికందేంత పైన ఉన్నాయి. రెండింటికీ మధ్య ఒక కంచె తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయి అక్క ఇచ్చిన గ్లాసు తాగకుండా అరుగు మీద పెట్టేసింది. సరిగ్గా అప్పుడే ఉరుము అక్క దగ్గరికి వచ్చాడు. ఆ బోరు వేసింది మా తమ్ముడేనని అక్క చెప్పింది.

"బాబాయ్, ఆ బోరులో మొదటి నీళ్లు ఎక్కడ తగిలాయి?"

"పైనే తగిలాయమ్మా. దొంగ నీళ్లు. ఒక్క చుక్క లోపలికి రాకుండా మూసేశాను."

గర్వంగానే చెప్పాడు.

"మనకు కావలసినవి అవే బాబాయ్."

తర్వాత ఆ అమ్మాయి నేల మీద చీపురుపుల్లతో గీసి చూపించింది. మడ్డి చెరువు నుంచి ఊరేది ఏదైనా పై పొరలోంచే కిందికి నడుస్తుంది. లోతున రాతి పగుళ్లలో నీళ్లు ఎక్కడో దూరం నుంచి, వేరే దిక్కు నుంచి వస్తాయి. ఆ పొరను మూసేసి ఈ నీళ్లను పరీక్షిస్తే శుభ్రంగా కాక ఇంకెలా ఉంటాయి? తాగే బోరుకు ఏది తప్పనిసరో, ఈ బోరుకు అదే చేయకూడని పని. మొదటి నీళ్ల దగ్గరే ఆగాలి, అక్కడే చిల్లుల పైపు పెట్టాలి. మిమ్మల్ని అనడం లేదు, మీకు ఎవరూ చెప్పలేదు కదా అని కూడా అంది. ఆ ఓదార్పు ఉరుముకు చెంపదెబ్బలా తగిలింది. ఎవరూ చెప్పకపోవడం కాదు. చెప్పకూడదనే చెప్పలేదు.

అక్క బావి ఎండల్లో ఎప్పటినుంచి తగ్గడం లేదని ఆ అమ్మాయి అడిగింది. అక్క అలవాటు కొద్దీ గొప్పగానే మొదలుపెట్టింది.

"మడ్డి చెరువు కట్ట ఎత్తు పెంచారు చూడూ, అప్పటినుంచీ..."

అక్కడ ఆవిడ మాట ఆగిపోయింది. బావి వైపు చూసింది, మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్న మొగుడి వైపు చూసింది. ఇన్నాళ్లూ పారిపోకుండా నిలిచిన తన దొంగకు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఆవిడకు అర్థమైంది.

ఉరుముకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేరుగా ఇంజనీరు గదికి వెళ్లాడు, ఈసారి బూట్లు ఎంత బురదగా ఉన్నాయో చూసుకోలేదు, తలుపు కూడా తట్టలేదు. నీకు ముందే తెలుసా అని ఇంజనీరు మొహం మీద అరిచాడు. ఇంజనీరు నీళ్లు నమిలి ఉంటే, కనీసం కళ్లు దించుకుని ఉంటే, ఈ కథ చెప్పేటప్పుడు అతని మీద ఇంత అసహ్యం వేసేది కాదు. అతను నవ్వాడు. కుర్చీ చూపించాడు.

"పైపు ఎక్కడిదాకా దింపాలో మేం చెప్పామా పెద్దాయనా? మీ పద్ధతిలో వేయమన్నాం. మీ పద్ధతి ఏమిటో మాకు తెలుసు."

ఇంతకంటే దారుణమైన మాట ఇంకొకటి ఉంటుందా? ఒక మనిషి వయసంతా పెట్టి నేర్చుకున్న పనిని, అతని నిజాయితీని, అతని నాలుకను జనం మొహాన కప్పే ముసుగులా వాడుకున్నారు. వాళ్లు అబద్ధమాడే శ్రమ కూడా తీసుకోలేదు. ఆ పనికి ఉరుమును పెట్టుకున్నారు.

అక్కడినుంచి ఉరుము నేరుగా బోరు దగ్గరికి లారీ తోలాడు. పైపు మెడకు గొలుసు బిగించాడు, కింద జాకీలు పెట్టాడు. సిమెంటుతో సహా పెరికేస్తాను, ఆ దొంగ నీళ్లు లోపలికి దూకుతాయి, అప్పుడు తీసుకోండిరా మీ శాంపిలు అని కంచె అదిరేలా తిట్టాడు. జాకీ పిడి మీద బరువంతా వేయబోయి, ఆగిపోయాడు. పైపు పెరికితే పై నీళ్లు ఈ బోరులో పడి ఊరుకోవు. కింద రాతి పగుళ్లలోకి దిగుతాయి. ఆ పగుళ్ల నీళ్లనే రైలు పట్టాల అవతల వీధులన్నీ తాగుతున్నాయి. ఆ వీధుల్లో బోర్లు వేసింది, దోసిలి తాగి తల ఊపింది తనే. కోపంతో ఒక్క పిడి నొక్కితే, గనివాళ్లు ఇంకా చేయని పాపం తన చేతుల మీదుగా జరిగిపోతుంది. గొలుసు విప్పేశాడు. ఆ బోరు పక్కనే మట్టిలో కూలబడి, ఎవరు చూస్తున్నారన్నది కూడా పట్టించుకోకుండా ఏడ్చాడు. అది బాధతో వచ్చిన ఏడుపు కాదు. కోపం వెళ్లడానికి దారి లేక వచ్చిన ఏడుపు.

వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. జనం వింతగా చూశారు. నువ్వే కదయ్యా తాగి బాగున్నాయన్నావు, ఇప్పుడు నువ్వే కాదంటావేమిటి అన్నాడు టైలరు. మిగిలినవాళ్లు గనివాళ్లతో ఎక్కడో చెడి ఉంటుందిలే అనుకున్నారు. ఆయన తల ఒక్కసారి ఊపిన దానికి ఉన్న విలువ, ఇప్పుడు గొంతు చించుకుంటున్నా ఆయన మాటకు లేదు. లారీలో డబ్బాలతో నీళ్లు తెచ్చి అక్క వంటింట్లో పెడితే, అక్క వాటిని బావకు మాత్రమే పోసి, తను బావి నీళ్లే తాగింది. వీధంతా తాగుతున్నప్పుడు నేనొక్కదాన్నీ ఎలా తప్పించుకుంటానురా అంది.

ఆ అమ్మాయి పై అధికారుల చుట్టూ తిరిగి, పోట్లాడి, ఒక అనుమతి తెచ్చింది. కంచెకు ఇవతల ఎవరైనా స్థలం ఇస్తే ప్రభుత్వమే రెండో పరిశీలన బోరు వేయించవచ్చు. అక్క ఆ మాట పూర్తికాకముందే పెరడు ఇస్తానంది. రిగ్గు లోపలికి రావాలంటే ప్రహరీ గోడ పడగొట్టాలని తమ్ముడు భయపడుతూ చెప్పాడు. బీట వారుతుందని జీవితమంతా కాపాడుకున్న గోడ మీద మొదటి దెబ్బ అక్కే వేసింది. పలుగు ఆవిడకు బరువైంది గానీ, ఎవరికీ ఇవ్వలేదు.

బోరు వేసే రోజు ఇంజనీరు జీపు వచ్చి కంచె అవతల ఆగింది. అతను దిగి, ఈ చుట్టుపక్కల ఇక ఏ గనిలోనూ నీకు పని దొరకదని ఉరుముకు వినపడేంత గట్టిగా చెప్పాడు. ఉరుము తన చెవిటి చెవిని అటు తిప్పుకుని కంప్రెసర్ ఆన్ చేశాడు.

దుమ్ము లేచింది. దుమ్ము తడిసింది. నీళ్లు తగిలాయి. ఉరుము చేతులు వాటంతట అవే తర్వాతి రాడ్డు వైపు వెళ్లాయి. ఇంకాస్త లోతుకు పోనిమ్మని ఒళ్లంతా లాగుతోంది. పళ్లు బిగించి మోటారు ఆపాడు. తన జీవితంలో మొదటిసారి మొదటి నీళ్ల దగ్గర ఆగాడు. ఆ అమ్మాయి చెప్పినట్టే చిల్లుల పైపు దింపాడు, చుట్టూ గులకరాళ్లు పోశాడు, వాటిపైన వీధి మురికి దిగకుండా బంకమట్టి ఉండలు, ఆపైన సిమెంటు. మరుగుదొడ్డి గుంత, సబ్బు నీళ్లు అని ఇక ఎవడూ సాకు చెప్పలేడు.

అన్నీ గట్టిపడ్డాక బోరు కడిగే రోజున వీధంతా పెరట్లోనే ఉంది. కూలిన గోడ మీద కొందరు కూర్చున్నారు. ఆడవాళ్లు అలవాటుగా బిందెలు పట్టుకొచ్చారు. కంచె అవతల ఇంజనీరూ ఉన్నాడు. బురద పోయింది, తేట వచ్చింది. చూడటానికి ఆ నీళ్లు మొదటి బోరు నీళ్లంత అందంగానే ఉన్నాయి. నీళ్లలో ఎంత కరిగి ఉందో కొలిచే మీటరును ఆ అమ్మాయి ముంచి చూసింది. పొద్దున్నే మడ్డి చెరువు కట్ట కింద ఊటలో ముంచినప్పుడు కనపడిన అంకె దగ్గరికే మీటరు చేరింది. లాబ్ వాళ్లు చెప్పేదాకా నేను పైకి ఏమీ అనకూడదు బాబాయ్ అని మీటరును మాత్రం ఆయన వైపు తిప్పింది.

ఉరుము వంగి దోసిలి పట్టాడు. దోసిలి పెదవులదాకా వెళ్లింది, అక్కడే ఆగింది. ఆయన గడ్డం మీద ఒక్క చుక్క పడితే భుజంతో తుడిచేసుకున్నాడు. తర్వాత వేళ్లు విడదీశాడు. నీళ్లన్నీ నేల మీద పడిపోయాయి.

అక్కకు ఒక్కదానికే వినపడాలని ఆవిడ చెవి దగ్గరికి వంగి, చేతనైనంత మెల్లగా చెప్పాడు.

"తాగొద్దక్కా. ఇన్నాళ్లూ నువ్వు తాగింది ఇవే."

ఉరుము గుసగుస కదా, గోడ మీద కూర్చున్నవాళ్లు విన్నారు, బేకరీ ఆవిడ వింది, మంచం మీద నుంచి బావ విన్నాడు, కంచె అవతల ఇంజనీరూ విన్నాడు. ఇల్లిల్లూ తిరిగి అరిచినప్పుడు నమ్మనివాళ్లు, ఆ దోసిలి నేల మీద పడటం చూశాక నమ్మారు. తర్వాత ఎప్పుడో లాబ్ నుంచి వచ్చిన కాగితం అదే మాటను అంకెల్లో చెప్పింది.

అక్క ఏడవలేదు. వంటింట్లోకి వెళ్లి, పొద్దున బావి నుంచి తోడి మూత పెట్టుకున్న బిందెను నడుమున ఎత్తుకుని వచ్చింది. కూలిన గోడ దాటి కంచె దగ్గరికి నడిచింది. తీగల సందులోంచి బిందె వంచి, ఇంజనీరు బూట్ల మీద నీళ్లన్నీ కుమ్మరించింది.

"మీ చెరువు నీళ్లు బాబూ. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఉండిపోయాయి, తీసుకోండి."

అతను వెనక్కి జరిగాడు. ఆవిడ పక్కకు తప్పుకుంది, తన ఇంటి బావి నీళ్లతో వచ్చి వెనక నిలబడ్డ బేకరీ ఆవిడ తన బిందె వంచడానికి.